పాఠకుల ప్రశ్నలు: గోడ దగ్గర నిలబెట్టే మనిషి కావాలి

ప్రశ్న: మాది అమలాపురం. సంక్రాంతికి మా అమ్మాయి కుటుంబం హైదరాబాదు నుంచి వస్తోంది. మనవడు తొమ్మిదో తరగతి, మనవరాలు ఆరో తరగతి. పోయిన కార్తీకంలో నేనూ మావారూ పంచారామాల బస్సెక్కి ఒక్క రోజులో ఐదు గుళ్లూ చుట్టివచ్చాం. దర్శనాలు బాగానే అయ్యాయి. ఇంటికొచ్చాక ఏ గుడిలో ఏం చూశారని అమ్మాయి ఫోనులో అడిగితే మాత్రం నాకు నోట మాట రాలేదు. ఈసారి మా కుటుంబానికి మాత్రమే ఒక గైడును మాట్లాడుకుని శిల్పాలూ శాసనాలూ తీరిగ్గా చూడాలని ఉంది. మావారు ‘గుడికి వెళ్లడానికి గైడెందుకు, దండగ’ అంటున్నారు. ఆయనకు మోకాలి ఆపరేషన్ కూడా అయింది. ఎవరిని పెట్టుకోవాలి? ఏం అడగాలి? ఏయే గుళ్లు చూడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ‘నోట మాట రాలేదు’ అన్నారే, అక్కడ ఆగిపోయాను. నేను ద్రాక్షారామానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో పుట్టి పెరిగాను. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. ఆ గుడి గోడల్ని చూడకుండా వెళ్లిపోయే జనాన్ని చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకని నా జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మీ వారి మాటకు ముందు బదులు చెబుతాను. దర్శనానికి గైడు అక్కర్లేదు, ఆయన అన్నది నిజమే. గుడిని చూడటానికి మాత్రం చూపించే మనిషి కావాలి. ఆ మనిషి సరైనవాడు కాకపోతే మీ వారు భయపడినట్టే డబ్బు దండగ అవుతుంది. కొన్నేళ్ల కిందట హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితురాళ్లతో నేను ద్రాక్షారామం వెళ్లాను. వాళ్లే ముందుగా ఒక గైడును కుదుర్చుకున్నారు. అతను మమ్మల్ని ఒక శాసనస్తంభం ముందుకు తీసుకెళ్లి ‘ఇది ఎవరికీ అర్థం కాని లిపి’ అని చెప్పి ముందుకు సాగాడు. నేను కదల్లేకపోయాను. అది తెలుగు. ‘స్వస్తి శ్రీ’ అని మొదలవుతోంది. కొన్ని అక్షరాలు ఇప్పటి మన అక్షరాలకు దగ్గరగానే ఉన్నాయి. కూడబలుక్కుని చదివితే అఖండ దీపానికి చేసిన దానం అని తేలింది. మా తాతగారు నాకు పదేళ్ల వయసులో అదే ప్రాకారంలో ‘శ్రీ’ అనే అక్షరాన్ని వేలు తగలనివ్వకుండా, వేలికీ రాతికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంచి, గాలిలో దిద్దించారు. మన భాషను మన గుడిలో మన ముందే ‘ఎవరికీ అర్థం కానిది’ అంటే ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే ఎవరినైనా మాట్లాడుకునే ముందు ఫోనులో ఒక్క ప్రశ్న వేయండి: ‘బిక్కవోలులో ఎంతసేపు ఉంటాం?’ అది పంచారామాల్లో లేదు గానీ, పాత చాళుక్యుల గుళ్లున్న ఊరు. బిక్కవోలా, అక్కడేముంది అన్నా, వినాయకుడి దర్శనానికి పది నిమిషాలు చాలన్నా ఇంకొకరిని వెతుక్కోండి. పూట పడుతుందన్నవారిని వదలొద్దు. ఇలాంటివారు ఎక్కువగా పెద్ద బోర్డుల కింద దొరకరు. ఆలయ కార్యాలయంలో, దగ్గరి కళాశాల చరిత్ర శాఖలో, పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టార్ల దగ్గర వాకబు చేయండి. శాసనాలంటే ప్రాణం పెట్టేవారు మన జిల్లాల్లో ఊరికొకరైనా ఉంటారు. వారు డబ్బు అడగడానికి మొహమాటపడతారు. మీరే ముందుగా అడిగి, రోజుకింత అని తేల్చుకుని, భోజనం మీతోపాటే పెట్టండి.

ఇక ఏ గుళ్లు అన్నారు. ఐదూ వద్దమ్మా. అమరావతి ఎలాగూ కృష్ణ ఒడ్డున ఉంది, దానికి వేరే ప్రయాణం పెట్టుకోవచ్చు. ఈసారికి మూడు ఊళ్లు, రెండు రోజులు చాలు. ఏది ముందు, ఏది వెనక అన్నది ముఖ్యం. ముందు బిక్కవోలు, తర్వాత సామర్లకోట, చివర ద్రాక్షారామం.

ఈ వరసకు కారణం ఉంది. తూర్పు చాళుక్యుల్లో గుణగ విజయాదిత్యుడు 849 నుంచి 892 దాకా ఏలాడు. అతని బిరుదు ‘బిరుదాంక’ నుంచే బిరుదాంకప్రోలు, అదే బిక్కవోలు అయింది. అతని తర్వాత తమ్ముడి కొడుకు చాళుక్య భీముడు 892లో సింహాసనం ఎక్కాడు. సామర్లకోట, ద్రాక్షారామం భీమేశ్వరాలయాలు అతని పేరుతో ముడిపడినవి. బిక్కవోలులో చిన్న గుళ్లుగా మొదలైన పని తర్వాతి తరం చేతిలో రెండంతస్తుల గర్భగుడిగా ఎలా ఎదిగిందో ఈ వరసలో వెళితే పిల్లలకు కూడా కళ్లకు కడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లే కనిపెడతారు.

బిక్కవోలుకు పొద్దున్నే చేరండి. ఊళ్లో గోలింగేశ్వర, రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలున్నాయి. ఊరి బయట పొలాల్లో మరో మూడు గుళ్లున్నాయి. సంక్రాంతి నాటికి సార్వా కోతలయి దాళ్వా నాట్లు పడుతుంటాయి కాబట్టి గట్ల మీద నడవాల్సి రావచ్చు. పిల్లలకు అదో పండుగ. గోలింగేశ్వరుడి గుడిలో ఆలింగన చంద్రశేఖర మూర్తి దగ్గర మీ గైడును ఆగమనండి. శివుడు పార్వతిని దగ్గరకు తీసుకుని నిలబడిన శిల్పం అది. ఆ చెయ్యి అమ్మవారి వెనక నుంచి ఎలా వచ్చిందో, శిల్పి ఎంత తక్కువ లోతులో ఇద్దరి శరీరాలనూ వేరువేరుగా నిలబెట్టాడో చూడాలంటే పక్కకు జరిగి చూడాలి. ఎదురుగా నిలబడి నమస్కారం చేసి వెళ్లిపోతే ఆ చెయ్యి మీకు కనపడదు. గోడల్లోని గూళ్ల మీద మకరతోరణాలుంటాయి. మకరం నోటినుంచి తీగ ఎలా బయల్దేరిందో మనవరాలిని బొమ్మ గీయమనండి. బొమ్మ గీసిన పిల్ల ఆ తోరణాన్ని జన్మలో మరచిపోదు.

మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు. ఆ సమయం భోజనానికీ ప్రయాణానికీ ఉంచుకోండి. ఎండ వాలాక సామర్లకోటలో ఉండాలి. ఎందుకంటే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ గోడ మీద ఏటవాలుగా పడతాయి. అప్పుడే చెక్కుడు గీతల్లో నీడ నిలిచి అక్షరాలు, నగల అంచులు లేచి కనిపిస్తాయి. నడినెత్తి ఎండలో ఏ శిల్పమైనా చదునుగానే ఉంటుంది. మంచి గైడు జేబులో చిన్న టార్చి పెట్టుకుని, ఎండ పడని చోట పక్కనుంచి వెలుగు పట్టి చూపిస్తాడు. అక్షరాలు కనపడటానికి పిండో సుద్దో రుద్దేవాడయితే అక్కడే ఆపండి. మొహమాటపడొద్దు. వెయ్యేళ్ల రాయి అది. సున్నం పూసి, నూనె రంగులు వేసి మనం ఇప్పటికే ఎన్నో శాసనాల నోరు నొక్కాం.

సామర్లకోట ఒకప్పటి చాళుక్య భీమవరం. ఎదురుగా ఏకశిలానంది, లోపల 14 అడుగుల శివలింగం. కింది అంతస్తులో మొదలై కప్పు దాటి పై అంతస్తులోకి వస్తుంది. అభిషేకం పైన జరుగుతుంది. తారకాసురుడి కంఠంలోని లింగం ఐదు ముక్కలై ఐదు చోట్ల పడటం, సామర్లకోటలో దాన్ని కుమారస్వామి ప్రతిష్ఠించడం, అందుకే కుమారారామం అనడం, ఇదంతా మీ గైడు చెప్పాలి. చక్కగా, రుచిగా చెప్పాలి. స్థలపురాణాన్ని చిన్నచూపు చూసేవారంటే నాకు గిట్టదు. ‘ఇది పురాణం, ఇది శాసనంలో ఉన్నది’ అని విడదీసి చెప్పడం మాత్రం వచ్చి ఉండాలి. పిల్లలు పెద్దయ్యాక రెండూ వాళ్లకు పనికొస్తాయి.

రెండో రోజు పూర్తిగా ద్రాక్షారామానికే. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం వైపు వెళ్లొచ్చు. పిల్లల సరదా కోసమైతే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగండి. సంక్రాంతికి వరద భయం ఉండదు. గుడిలోకి వెళ్లాక ముందు దర్శనం చేసుకోండి. భీమేశ్వరుణ్ణీ మాణిక్యాంబనూ కళ్లారా చూసుకుంటే మనసు కుదుటపడుతుంది, ఆ తర్వాత గోడల దగ్గర తొందర ఉండదు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ స్వామి మీదే. అందులోంచి రెండు పద్యాలు నోటికి వచ్చిన గైడు దొరికితే మీ అదృష్టం.

తర్వాత శాసనాలు. ఇక్కడ ఉన్నవి పదులు కాదు, వందలు. మీ మనవడికి ఒక లెక్క నేర్పండి. శాసనంలో ‘శకవర్షంబులు’ అని ఒక అంకె ఉంటుంది. దానికి 78 కలిపితే మన ఇప్పటి సంవత్సరం వస్తుంది. శక 1000 అంటే 1078. ఆ ఏడు చోళ సింహాసనం మీద ఉన్నది కులోత్తుంగుడు, రాజమహేంద్రవరంలో ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. నన్నయ్యగారి చేత భారతం తెనిగింపజేసిన రాజరాజ నరేంద్రుడే. తొమ్మిదో తరగతి పిల్లవాడు పుస్తకంలో బట్టీపట్టే పేర్లు మన ఊరి గోడ మీద తగిలినప్పుడు వాడి ముఖం చూడాలి. నా విద్యార్థులను తీసుకెళ్లిన ప్రతిసారీ ఆ ముఖాల కోసమే ఎదురుచూసేదాన్ని. అఖండ దీపం ఆరకుండా ఉండటానికి నెయ్యి కావాలి, నెయ్యికి పాలు కావాలి, పాలకు పశువులు కావాలి. అందుకని దానాల్లో పశువులు కనిపిస్తాయి. ఒక్క దీపం వెనక అంత సంసారం ఉందని తెలిశాక, గుడిలో వెలుగుతున్న దీపాన్ని పిల్లలు మామూలుగా చూడరు.

మీ వారి మోకాలి సంగతి. రెండు భీమేశ్వరాలయాల్లోనూ పై అంతస్తుకు మెట్లెక్కాలి. ఆయన కింద స్వామి పాదభాగాన్ని దర్శించుకుని మండపంలో కూర్చోవచ్చు. ద్రాక్షారామంలో కింద గర్భగుడి చుట్టూ ఉన్న దారి చీకటిగా ఉంటుంది, చెయ్యి పట్టుకుని నడిపించండి. గైడుకు ఈ సంగతి ముందే చెబితే కూర్చునే చోటు చూసి అక్కడినుంచే కొన్ని విషయాలు చెప్పగలడు. ఒక్క కుటుంబానికే మనిషిని పెట్టుకోవడంలో ఉన్న మేలు ఇదే: మీ నడకకు తగ్గట్టు అతను నడుస్తాడు. నలభై మంది గుంపులో మీ వారికోసం ఎవరూ ఆగరు.

భీమవరం గునుపూడి సోమారామం, పాలకొల్లు క్షీరారామం వేసవి సెలవులకు ఉంచుకోండి. పున్నమికి తెల్లగా, అమావాస్యకు నల్లబడే సోమేశ్వరుణ్ణి రెండు తిథుల్లోనూ చూపిస్తామని పిల్లలకు మాటివ్వండి. పాలకొల్లులో 120 అడుగుల గోపురం ఎలాగూ దూరం నుంచే పిలుస్తుంది. వేసవిలో రాతి నేల కాలుతుంది, సాక్సులు మరవకండి.

ఒక్కటి మాత్రం మీ ఇంటికి దగ్గరలోనే ఉంది, ఏ పూటైనా వెళ్లిరావచ్చు. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి. ఒకే నల్లరాయిలో ముందు విష్ణువు, వెనక మోహిని. అక్కడ మీకు వేరే గైడు అక్కర్లేదు. అర్చకస్వామి దీపం పట్టుకుని స్వామి గోళ్ల దగ్గర మొదలుపెట్టి, వెనక్కి తీసుకెళ్లి, మోహిని కొప్పు దాకా చూపిస్తారు. ఆ దీపం కదిలే వేగం గమనించండి. గోడ ముందు, శిల్పం ముందు చూపు ఎంత నెమ్మదిగా కదలాలో మీకు అక్కడ తెలుస్తుంది. అందుకే నా మాట విని ముందు ర్యాలి వెళ్లి, తర్వాతే గైడును మాట్లాడుకోండి. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు ఎలాగూ తెచ్చుకుంటారు.

ప్రశ్న: మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. డిగ్రీ చదివి కారు నడుపుతున్నాను. కార్తీకంలో గుళ్లకు వచ్చే కుటుంబాలు నన్ను వివరాలు అడుగుతుంటే సిగ్గుగా ఉంటోంది. నేర్చుకుని నేనే చూపించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక యువ పాఠకుడు

జవాబు: బాబూ, పై ఉత్తరం రాసిన అమ్మగారు వెతుకుతున్నది నీలాంటి మనిషినే. ద్రాక్షారామం శాసనాలు చాలావరకు ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. దాన్ని చూసి ఒక్క చిన్న శాసనం ఎంచుకో. కాగితం మీద రాసుకుని, గుడికి వెళ్లి, అదే శాసనాన్ని రాతి మీద వెతుకు. ఒక్కో వారం ఒక్కో వాక్యం. మొదట ‘స్వస్తి’, ‘శ్రీ’, ‘శకవర్షంబులు’ కంటికి అలవాటు కావాలి. ఆర్నెల్లకు నీకు పది శాసనాలొస్తే చాలు, అవి పదీ తప్పులేకుండా చెప్పు.

అర్చకస్వాముల దగ్గర కూర్చుని స్థలపురాణం విను, వారు చెప్పింది వారి మాటగానే చెప్పు. ఏదైనా తెలియకపోతే తెలియదని చెప్పి, రాసుకుని, కనుక్కుని వాళ్లకు ఫోను చెయ్యి. నేను బళ్లో అలాగే చేసేదాన్ని, పిల్లలకు నామీద గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు. సామర్లకోట, బిక్కవోలు కూడా నీ కారుకు దగ్గరే కదా, గిరాకీ లేని మంగళవారాలో బుధవారాలో వెళ్లిరా. నా దగ్గర నా విద్యార్థుల కోసం రాసుకున్న అక్షరాల పట్టిక ఒకటుంది, పాత రూపం పక్కన ఇప్పటి రూపం ఉంటుంది. పత్రిక కార్యాలయానికి నీ చిరునామా పంపు, నకలు తీయించి పంపిస్తాను.