సొంతవాళ్ళు కాదు కదా, ఎందుకింత బాధ?

ప్రశ్న: నా వయసు 52. మా వీధిలో పెద్దవాళ్ళ సంఘం పనులు ఆరేళ్ళుగా నేనే చూస్తున్నాను. ఈ ఎనిమిది నెలల్లో నలుగురు వెళ్ళిపోయారు. ఎవరైనా పోతే వాళ్ళ గురించి ఒక పేజీ రాసి సమావేశంలో చదవడం నా బాధ్యత. ముగ్గురివి రాశాను. నాలుగో ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, నాకు తండ్రిలాంటివారు. రెండు నెలలైనా ఒక్క వాక్యం రావడం లేదు. ఆయన రెండుసార్లు ‘నా సంగతులు కాస్త రాసిపెట్టమ్మా’ అని అడిగారు. తర్వాత చూద్దామన్నాను. ఇప్పుడు వాళ్ళబ్బాయి ఉద్యోగం, సన్మానాలు మాత్రమే రాయమంటున్నాడు. పన్నెండేళ్ళుగా రాకపోకలు లేని చెల్లెలి పేరు వద్దంటున్నాడు. ఆ అమ్మాయి ఫోన్ చేసి, తన పేరు లేకుండా ఎలా రాస్తారని ఏడ్చింది. మావారేమో ‘సొంతవాళ్ళు కాదు కదా, ఎందుకింత బాధ’ అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: మీవారి మాటతోనే మొదలుపెడదాం, మీ చెయ్యి కదలకపోవడానికి సగం కారణం అదే. చుట్టరికం లేని మనిషి పోతే ఏడ్చే హక్కు లేదన్నట్టు చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడతారు. కొన్నాళ్ళకు మనకూ అదే నిజమనిపిస్తుంది. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో దీనికొక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే గుర్తింపు దక్కని దుఃఖం. స్నేహితులు, ఇరుగుపొరుగు, సేవ చేసినవాళ్ళు ఎక్కువగా దీని బారిన పడతారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా ఆ ఇంటికి వెళతారు, మీ ఇంటికి ఎవరూ రారు. దుఃఖం మాత్రం చుట్టరికాన్ని బట్టి కాదు, రోజులో ఎంత ఖాళీ మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీవారితో ‘నా బాధ మీకు అర్థం కాదు’ అనకండి, అక్కడి నుంచి వాదన మొదలవుతుంది. ‘ఆయన గురించి పది నిమిషాలు చెబుతాను. సలహా ఏమీ వద్దు, వినండి చాలు’ అనండి. ఏం కావాలో స్పష్టంగా అడిగితే చాలామంది చేస్తారు.

ఇంకో సంగతి. ముగ్గురి గురించి రాశారు, సరే, ఆ ముగ్గురి కోసం ఏడ్చారా? ఇంటివాళ్ళకు ఫోన్లు చేయడం, తేదీలు సరిచూడడం, ఫోటో అడగడం, చదవడం... పనిలో పడి ఏడుపు వాయిదా పడి ఉంటుంది. అదంతా ఇప్పుడు మాస్టారి పేరు మీద ఒక్కసారిగా వస్తోంది. అందుకే ఈ పని ఒక్కరే చేయకూడదు. వివరాలు సేకరించేవారు ఒకరు, రాసేవారు ఒకరు, చదివేవారు ఇంకొకరు ఉండాలి. వచ్చే సమావేశంలోనే మరో ఇద్దరిని అడగండి. రాయగలిగిన మనిషి దొరకడం కష్టమేమో గానీ, ఫోన్ చేసి అడిగి రాసుకొచ్చే మనిషి తప్పక దొరుకుతుంది.

రాయడానికి రాత్రిపూట కూర్చోకండి. పగలు 45 నిమిషాలు కూర్చుని, అయిపోగానే బయటి పని ఏదైనా పెట్టుకోండి. దుఃఖంలో ఉన్నవాళ్ళు కాసేపు బాధలోకి, కాసేపు రోజువారీ బతుకులోకి అటూ ఇటూ మారుతూనే కోలుకుంటారని మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో వివరించారు. మధ్యలో బాధ మరిచిపోయి నవ్వితే అది ద్రోహం కాదు.

ఇక రాత సంగతి. మొదటి వాక్యం రాకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటే. మనిషి మొత్తాన్ని ఒక్క వాక్యంలో పట్టాలని చూస్తాం. పట్టడం కుదరక ‘మంచివారు, సౌమ్యులు, పరోపకారి’ అని రాస్తాం. ఆ మూడు మాటలూ పోయిన ప్రతివాళ్ళకూ సరిపోతాయి, అంటే ఎవరికీ సరిపోవు. ముందు మీరు కళ్ళారా చూసినవి పది రాసుకోండి, ఒక్కోటీ ఒక్క వాక్యం. జేబులో ఎప్పుడూ ఏం ఉండేది? కుర్చీ ఎటు తిప్పి కూర్చునేవారు? తప్పు లెక్క చూస్తే ముందు ఏమనేవారు? ఎవరికి ఏం నేర్పారు? అలిగితే ఎలా తెలిసేది? విశేషణం ఒక్కటీ రానివ్వకండి. ఈ పదిలోంచి నాలుగు నిలుస్తాయి. వాటిలో ఒకదానితో మొదలుపెట్టండి. పుట్టిన తేదీతోనూ చావు కబురుతోనూ మొదలుపెట్టకండి. వింటున్నవాళ్ళకు ముందు మనిషి కనిపించాలి, వివరాలు తర్వాత.

మీకు తెలియని కాలం కోసం నలుగురైదుగురిని అడగాలి. పిల్లలకు తండ్రి జీవితం ఆయన ముప్పై ఏళ్ళు దాటాకే తెలుస్తుంది. అంతకుముందు సంగతులకు తోబుట్టువులో బాల్యమిత్రులో కావాలి. తోటి ఉద్యోగి ఒకరు, ఆయన దగ్గర చదువుకున్నవారు ఒకరు, సంఘంలో పక్కన కూర్చున్నవారు ఒకరు ఉంటే బొమ్మ నిండుతుంది. ఒక చిత్రం ఏమిటంటే, పెద్దవాళ్ళకు పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జ్ఞాపకాలే ఎక్కువగా గుర్తుంటాయి, కబుర్లలో చెప్పేవీ ఎక్కువగా అవే. కాబట్టి ఆయన యవ్వనం గురించి కొడుకు కంటే మీ సంఘం సభ్యులకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. ఫోన్‌లో ‘ఆయన ఎలాంటివారు?’ అని అడిగితే మళ్ళీ ఆ మూడు విశేషణాలే వస్తాయి. ‘పొద్దున్నే లేచి మొదట ఏం చేసేవారు?’ అని అడగండి. అవతలివాళ్ళు ఆగిపోతే తొందరపెట్టకుండా కాసేపు ఊరుకోండి. చెప్పదగిన మాట తరచూ ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది.

తేదీల విషయంలో జాగ్రత్త. బడి రికార్డులో ఉన్న పుట్టినరోజు, ఇంట్లో చెప్పే పుట్టినరోజు వేరుగా ఉండడం మామూలే. కాగితం చూడనిదే సంవత్సరం రాయకండి. తెలియకపోతే ‘1960ల చివర’ అంటే తప్పేం లేదు. పేర్లు రాశాక ఇంటివాళ్ళకు చదివి వినిపించండి. మనవరాలి పేరు ఒక్కటి తప్పుపడితే పేజీ అంతా ఎంత బాగున్నా వాళ్ళకు ఆ తప్పే మిగులుతుంది.

నిడివి 350 నుంచి 400 పదాలు చాలు. గొంతు పూడుకుపోయి ఆగే క్షణాలు కలుపుకుంటే చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మాస్టారు మీకు ఎంత దగ్గరవాళ్ళైనా, మొదటి ముగ్గురికి ఎంత రాశారో ఆయనకూ అంతే రాయండి. ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళు తప్పకుండా పోల్చుకుంటారు. మిగిలిందంతా మీ సొంత నోటుపుస్తకంలో రాసుకోండి, దానికి నిడివి లేదు.

చివరి రోజుల జబ్బు గురించి ఒక్క వాక్యం మించనివ్వకండి. ఎనభై ఏళ్ళ బతుకులో ఆఖరి ఆరు నెలలు సగం పేజీ తినేస్తే వినేవాళ్ళకు రోగి గుర్తుంటాడు, మాస్టారు గుర్తుండరు.

ఇప్పుడు అన్నాచెల్లెళ్ళ గొడవ. అన్నిటికంటే చిక్కు ఇక్కడే ఉంది. మీరు తీర్పరి కాదు. ఆ పన్నెండేళ్ళలో ఎవరిది తప్పో మీకు తెలియదు, తెలిసినా ఆ పేజీలో దానికి చోటు లేదు. కానీ పిల్లల్లో ఒకరి పేరు రాసి ఇంకొకరిది వదిలేస్తే, మీరు తీర్పు చెప్పినట్టే అవుతుంది. అందుకే పిల్లల పేర్లు రాస్తే అందరివీ రాయాలి, లేదంటే ఎవరివీ రాయకూడదు. దీన్ని మీ సొంత నిర్ణయంగా కాకుండా సంఘం నియమంగా పెట్టించండి. అప్పుడు అబ్బాయితో ఇలా అనొచ్చు: ‘బాబూ, మా దగ్గర అందరికీ ఒకటే పద్ధతి. పిల్లల పేర్లు రాస్తే అందరివీ రాస్తాం, లేకపోతే అసలు రాయం. ఏది కావాలో నువ్వే చెప్పు.’ చాలామంది రెండోది ఎంచుకుంటారు. ఆ అమ్మాయికీ అదే మాట చెప్పండి, ఆమె పేరు ఒక్కటే తీయలేదని తెలిస్తే గాయం కొంత తగ్గుతుంది. ఆమెకు మీరు ఇవ్వగలిగింది ఇంకొకటి ఉంది. మాస్టారు ఆమె గురించి మీ దగ్గర ఎప్పుడైనా ప్రేమగా మాట్లాడి ఉంటే, ఎవరికీ చెప్పొద్దనకుండా మామూలుగా అన్నదైతే, ఆ మాట ఆమెకు విడిగా చెప్పండి. సమావేశంలో మాత్రం వద్దు. లేని మాట కల్పించి ఓదార్చకండి, అది ఎప్పటికైనా బయటపడుతుంది.

ఆయన నమ్మి చెప్పిన రహస్యాలుంటే అవి మీతోనే ఉండాలి. మనిషి పోయినంత మాత్రాన మాట ఇచ్చిన బాధ్యత పోదు.

రాసింది అబ్బాయికి చూపించండి. ‘పేర్లు, తేదీలు, జరిగిన విషయాల్లో తప్పులుంటే మూడు రోజుల్లో చెప్పండి’ అని గడువు పెట్టండి. ‘అభిప్రాయం చెప్పండి’ అంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఉద్యోగం, సన్మానాలు ఒక పేరాలో గౌరవంగా రాయండి. కొడుకుకు అవి ముఖ్యం, ఆ గర్వంలోనూ ప్రేమే ఉంది. మిగతా పేజీ సంఘం కళ్ళతో చూసిన మాస్టారిది. కుటుంబం అసలే వద్దంటే, ఇంటి విషయాలన్నీ తీసేసి సంఘంలో ఆయన గడిపిన కాలం గురించే చదవండి. ఆ జ్ఞాపకం మీ అందరిది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ పేజీ ఎక్కడ పెట్టినా పూర్తి పుట్టినతేదీ, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, తల్లి పుట్టింటిపేరు ఉండకూడదు. పోయినవారి పేరు మీద మోసాలు చేసేవాళ్ళు వెతికేది వీటికోసమే. పుట్టిన సంవత్సరం చాలు. సంస్మరణ సభ సమయాన్నీ ఇంటి చిరునామానూ కలిపి వేయడం అంటే ఆ గంటలో ఇల్లు ఖాళీగా ఉంటుందని చాటడమే.

సభ్యులంతా పెద్దవాళ్ళు కాబట్టి ఇంకో చిన్న విషయం. పోయినవారి నంబరును చెప్పాపెట్టకుండా వాట్సాప్ గ్రూపు నుంచి తీసేస్తే, చూసినవాళ్ళకు ‘రేపు నన్నూ ఇలాగే తీసేస్తారు’ అనిపిస్తుంది. ఒక నెల ఆగి, ఇంటివాళ్ళను అడిగి, గ్రూపులో ఒక మాట రాసి అప్పుడు తీయండి. ఆయన కుర్చీ కూడా మొదటి సమావేశంలో ఖాళీగానే ఉంచండి, రెండోసారి ఎవరైనా కూర్చోవచ్చు.

అపరాధభావం గురించి. ఆయన అడిగినప్పుడు మీరు ‘తర్వాత’ అన్నది ప్రేమ లేక కాదు, ఆయన ఉంటారన్న నమ్మకంతో. ఇది మీరు పదిసార్లు అనుకున్నా బాధ పోదని తెలుసు. పోగొట్టడానికి ప్రయత్నించకండి, దానికొక పని ఇవ్వండి. సంఘంలో ఇంకా ఉన్నవాళ్ళవి ఇప్పుడే రికార్డు చేయండి. జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం వయసు మళ్ళినవాళ్ళకు చాదస్తం కాదని, సహజమైన అవసరమని అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశాడు. కెనడా వైద్యుడు హార్వే చోచినోవ్ అవసాన దశలో ఉన్నవాళ్ళతో సంభాషణ రికార్డు చేసి, రాసి, వాళ్ళకే చదివి వినిపించి, చేతికిచ్చే పద్ధతిని తీర్చిదిద్దాడు. చదివి వినిపించడం చాలా ముఖ్యం. ‘ఇది తీసేయ్, అది అలా కాదు’ అని దిద్దే అవకాశం వాళ్ళకుండాలి.

ఒక్కొక్కరికి రెండుసార్లు, 40 నిమిషాల చొప్పున చాలు. అలసట లేని వేళ, బాగా వినిపించే చెవి వైపు కూర్చోండి. ఫ్యాను, టీవీ ఆపేయండి, రికార్డింగులు పాడయ్యేది ఎక్కువగా వాటివల్లే. ఫోన్ వాళ్ళకు రెండడుగుల లోపల, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. పాత ఫోటో ఒకటి చేతికిస్తే మాట దానంతటదే వస్తుంది. సంవత్సరం తప్పు చెబితే మధ్యలో దిద్దకండి. ఏదైనా చేదు జ్ఞాపకం వచ్చి వణికితే రికార్డింగు ఆపి, పక్కన కూర్చోండి, ఆ రోజుకు అంతే. ఇది ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అన్నది వాళ్ళ చేతే రెండు వాక్యాలు రాయించి సంతకం తీసుకోండి. రేపు ఇంకో అన్నాచెల్లెళ్ళు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ కాగితమే జవాబు చెబుతుంది.

మీ గురించి ఒక హెచ్చరిక. రెండు నెలలకు బాధ తీవ్రంగా ఉండడం జబ్బు కాదు. ఆరు నెలలు దాటాక కూడా దాదాపు రోజూ అదే బెంగతో నిద్ర, తిండి, ఇంటిపని సాగకపోతే మానసిక వైద్యులను కలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో దీర్ఘకాలిక దుఃఖానికి కనీస గడువు ఆ ఆరు నెలలే. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఏ గడువూ చూడొద్దు, ఆ రోజే వెళ్ళండి.

ఈ రాత్రి రాయకండి గానీ ఒక్క పని చేయండి. మాస్టారు మీకు పంపిన వాయిస్ మెసేజీలు ఫోన్‌లో ఉంటే, ఒక్కొక్కటీ ఫైలుగా దింపి మూడుచోట్ల దాచండి, అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే చోట. ఫోన్ మారినప్పుడు మొదట పోయేవి ఇవే. వాటిలో ఒకటి రేపు పొద్దున వినండి. మీ పది వాక్యాల్లో మొదటిది అందులోనే దొరకొచ్చు.