కబడ్డీ మ్యూజిక్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

దసరా కబడ్డీ పోటీలకి నువ్వు కట్టిన ఆర్గన్ ట్యూన్ ఫోన్లో విన్నాను. చెయ్యి బాగా తిరిగింది. కానీ అది కూర్చుని వినే పాటలా ఉందిరా. గ్రౌండుకి దాన్ని వినడానికి ఎవరూ రారు. మన పర్లాకిమిడిలో అనౌన్సరు ఒక ముక్క ఒడియాలో, ఒక ముక్క తెలుగులో చెబుతాడు. ఆ మాట చివరి వరసదాకా చేరాలి, నీ ట్యూన్ దానికి అడ్డు రాకూడదు.

ఆర్గన్ ఎంచుకోవడం మాత్రం మంచి పనే. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో 1941లోనే బేస్‌బాల్‌కి ఆర్గన్ వాయించారు. మన గొట్టం మైకుల్లో బేస్ పలకదు. హెడ్‌ఫోన్లో నువ్వు మురిసిపోయిన ఆ కింది దరువు అక్కడ గాల్లో కలిసిపోతుంది. ఆర్గన్ మధ్య స్వరాలు మాత్రం ఖణేల్‌మంటాయి. చిక్కూ అక్కడే. పియానో స్వరం కొట్టగానే తగ్గుతూ పోతుంది, ఆర్గన్ మెట్టు నొక్కినంతసేపూ అదే జోరుగా మోగుతుంది. కార్డు, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి, నొక్కిపట్టుకుని కూర్చున్నావంటే అనౌన్సరు గొంతు మునిగినట్టే. పొట్టిగా, బీటుకీ బీటుకీ మధ్యలో కొట్టి వదిలెయ్యి. హామండ్ అనే ఎలక్ట్రిక్ ఆర్గన్ టోన్‌లో సౌండు మార్చడానికి లాగే కడ్డీలు, అదే డ్రాబార్లు, తొమ్మిది ఉంటాయి కదా, మొదటి మూడూ పూర్తిగా లాగి మిగతా ఆరూ లోపలే ఉంచు. పైవి లాగితే సౌండు పదునెక్కి స, ష, ట వినబడవు. అప్పటికీ గోలగా ఉంటే ఈక్వలైజర్లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త తగ్గించు.

టైమవుట్ 30 సెకన్లు. నిమిషానికి 128 బీట్లు పెడితే సరిగ్గా 64 బీట్లు, అంటే బారుకి నాలుగు బీట్ల చొప్పున 16 బార్లు. ముక్క మధ్యలో తెగదు. రెయిడ్ కూడా 30 సెకన్లే, కానీ అప్పుడు ఒక్క స్వరం కూడా వద్దు. కూత రిఫరీ చెవిన పడాలి. పడకపోతే గొడవంతా నీ నెత్తిమీదకే వస్తుంది. మంచి పట్టు పడినప్పుడు చిన్న ముక్క చాలు. ఐపీఎల్ బూర ట్యూన్ చూడు, కొన్ని సెకన్లే, మిగతాది జనమే అరిచి పూర్తిచేస్తారు.

హాఫ్‌టైమ్ 5 నిమిషాలకి లూప్ వేస్తావు కదా. స్పీకరు గిరగిరా తిరుగుతున్నట్టు సౌండుని ఊపే లెస్లీ ఎఫెక్టుతో రికార్డు చేసి అతికితే అతుకు దగ్గర సౌండు గెంతుతుంది. ఎఫెక్టు లేకుండా వాయించి, 5 నిమిషాలూ అతికాక, మొత్తం మీద ఒకేసారి లెస్లీ వెయ్యి.

వీడియోల వాళ్లకి మెలోడీతో ఒకటి, లేకుండా ఒకటి ఇవ్వు. లేనిదే ఎక్కువ వాడతారు, ఉడుక్కోకు. సినిమా బాణీ జోలికి పోకు, కాపీరైట్ అని సౌండు తీసేస్తారు. డబ్బు సగం ముందే పుచ్చుకో, కమిటీవాళ్లు పండగయ్యాక ఫోనెత్తరు.

ఆదివారం వస్తున్నాను. గొట్టం మైకొకటి అద్దెకి తెచ్చి ఉంచు, దాన్లో పెట్టి విందాం.

నీ మామయ్య,
బరంపురం