కాన్ఫిగరేషన్ ఫైళ్లు చదివే సీ లైబ్రరీ: డెబియన్ ప్యాకేజీలో బిల్డ్ తరువాత చూడవలసినవి

మీ లైబ్రరీ బిల్డ్ అయిందనీ, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ కూడా ఏమీ చూపలేదనీ, అయినా ప్రోగ్రాములు నడవడానికి కావలసిన రన్‌టైమ్ ప్యాకేజీని, వాటిని కంపైల్ చేయడానికి కావలసిన డెవ్ ప్యాకేజీని ఎందుకు విడదీయాలో, ఇంకా ఏం మిగిలిందో తెలియడం లేదనీ అడిగారు. ఇలాంటి చిన్న లైబ్రరీ ఒకదాని ప్యాకేజీని నేను చూసుకుంటున్నాను. మిగిలింది ఏబీఐ, అంటే కంపైలైన ప్రోగ్రాముకూ లైబ్రరీకీ మధ్య ఉండే బైనరీ స్థాయి ఒప్పందం. నా దృష్టిలో అసలు పని అదే.

రన్‌టైమ్ ప్యాకేజీ పేరు సోనేమ్‌ను, అంటే లైబ్రరీ ఫైలులో రాసి ఉండే, ఏబీఐ వెర్షన్ సంఖ్యతో కూడిన పేరును బట్టి ఉండాలి. పాత ప్రోగ్రాములకు సోనేమ్ 1, కొత్తవాటికి 2 కావలసి వచ్చినప్పుడు రెండూ ఒకే యంత్రంలో పక్కపక్కనే ఇమడాలన్నది దాని ఉద్దేశం. హెడర్లు, కంపైల్ చేసేటప్పుడు లైబ్రరీని చూపే సంఖ్య లేని లింకు ఏ వెర్షన్‌లోనైనా అవే పేర్లతో ఉంటాయి కనుక వాటిని రన్‌టైమ్‌లో పెడితే రెండు ప్యాకేజీలు ఢీకొంటాయి. అందుకే డెవ్ వేరు.

లైబ్రరీ బయటికిచ్చే ఫంక్షన్ల పేర్ల జాబితా అయిన సింబల్స్ ఫైలు రాసుకుంటే చాలు, ఏబీఐ మారితే బిల్డే పట్టిస్తుందని నేను చాలాకాలం నమ్మాను. ఒక చిన్న వెర్షన్‌లో మూల రచయితలు, ప్రోగ్రాము నింపి ఇచ్చే ఆప్షన్ల స్ట్రక్చర్‌లో, వ్యాఖ్య గుర్తు (వ్యాఖ్య ఏ అక్షరంతో మొదలవుతుందో చెప్పే ఫీల్డు)కు ముందు, లైను గరిష్ఠ పొడవు అనే కొత్త ఫీల్డు చేర్చారు. సోనేమ్ మాత్రం మార్చలేదు. ఫంక్షన్ల పేర్లు మారలేదు కాబట్టి సింబల్స్ ఫైలు నిశ్శబ్దంగా ఉంది. లైబ్రరీ సొంత టెస్టులు కొత్త హెడర్‌తోనే కంపైల్ అవుతాయి కనుక అవీ నెగ్గాయి. తరువాత ఒక బగ్ వచ్చింది: ఒక ప్రోగ్రాము పొడవైన ఫైలు దారులను సగంలో తెంచేస్తోంది. ప్రతి లైనూ సరిగ్గా 35 అక్షరాల దగ్గరే తెగుతోందని గమనించాక గాని విషయం అర్థం కాలేదు. పాత హెడర్‌తో కంపైలైన ఆ ప్రోగ్రాము '#' గుర్తును రాసిన చోటునే కొత్త లైబ్రరీ గరిష్ఠ పొడవుగా చదువుకుంటోంది. ఆస్కీలో ఆ గుర్తు విలువ 35. దాని తరువాతి బైట్లు సున్నాలు కావడంతో వ్యాఖ్య గుర్తుకు డిఫాల్టు విలువ పడింది, మిగతాదంతా సవ్యంగానే కనిపించింది. అక్కడ చెత్త విలువ ఉండి ప్రోగ్రాము కూలిపోయి ఉంటే మేలయ్యేది, ఆ రోజే తెలిసేది.

కాబట్టి ప్రతి కొత్త వెర్షన్‌కూ పాత, కొత్త లైబ్రరీలను డీబగ్ సమాచారంతో సహా, రెండు లైబ్రరీల ఏబీఐలను పోల్చే ఏబీఐడిఫ్‌కు ఇచ్చి చూడండి. స్ట్రక్చర్‌లో ఫీల్డు జరిగితే అది చెబుతుంది. జరిగినట్లు తేలితే సోనేమ్ పెంచమని మూల రచయితలనే అడగండి, మీ అంతట మీరు పెంచకండి. అలా చేస్తే ఇతర డిస్ట్రిబ్యూషన్లలో బిల్డ్ చేసిన బైనరీలకు మీ లైబ్రరీ పొసగదు. పెరిగాక ప్యాకేజీ పేరు మారుతుంది, కొత్త పేరున్న ప్యాకేజీలను డెబియన్ పరిశీలించే న్యూ క్యూలో మళ్లీ వేచి ఉండాలి, ఆధారపడిన ప్యాకేజీలన్నీ తిరిగి బిల్డ్ కావాలి. విసుగు పుట్టించే పనే, కానీ దగ్గరి దారి లేదు.

మీ లైబ్రరీ దశాంశాలను, అక్షరాలను సంఖ్యగా మార్చే స్ట్రటాడ్ ఫంక్షన్‌తో చదువుతుంటే, దశాంశ బిందువుకు బదులు కామా వాడే జర్మన్ లొకేల్‌లో (భాషా, ప్రాంతీయ అమరికలో) టెస్టులను ఒకసారి నడపండి. అక్కడ ఆ అమరికను అమలులోకి తెచ్చే సెట్‌లొకేల్ ఫంక్షన్‌ను పిలిచిన ప్రోగ్రాములో 1.5 కాస్తా 1 అయిపోతుంది.