జాతర అయిపోయాక కూడా ఉండేవాళ్లు ఎంతమంది?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా జాతరలు, ఉత్సవాలు, కాలేజీ ఫంక్షన్లు ఫోన్‌తో లైవ్ పెడుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 14 వేల మంది ఫాలోవర్లు ఉన్నారట. ఇప్పుడు డిగ్రీ మానేసి పూర్తిగా ఇదే పని చేస్తానంటోంది. వాళ్ల నాన్న రెండు వారాలుగా పాపతో మాట్లాడటం లేదు. గంగమ్మ జాతర రోజు తను పెట్టిన లైవ్ లింక్ పంపిస్తున్నాను. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు:

అమ్మా, డిగ్రీ మాత్రం మాన్పించొద్దు. అది ముందే చెప్పేస్తున్నాను, మీ టెన్షన్ కొంతైనా తగ్గుతుందని. అలాగని లైవ్‌లు మానెయ్యమని కూడా నేను చెప్పను. ఎందుకో చెబుతాను.

మీరు పంపిన లైవ్ మొదటి నుంచి చివరిదాకా చూశాను. తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర విపరీతమైన జనం. ఈ జాతరలో రోజుకో వేషం కట్టి అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు. మధ్యలో కువైట్ నుంచి ఒకాయన, "బండ వేషం అయిపోయిందా పాపా? నా చిన్నప్పుడు మా నాన్న కట్టేవాడు" అని కామెంట్ పెట్టాడు. ఆ పిల్ల ఊరికే చదివి వదిలెయ్యలేదు. పక్కన వేపాకు పట్టుకుని నిలబడిన ఒక అవ్వను అడిగింది. బైరాగి వేషం తర్వాత బండ వేషం, ఆ తర్వాత తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని అవ్వ వేళ్లు లెక్కపెట్టుకుంటూ చెప్పింది. పాప ఆ ఫోన్‌ను అవ్వ చేతివైపు కిందికి దించి చూపించింది. ఆ తర్వాత కామెంట్లు చూడండి. బెంగళూరు నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఒకరు, మా ఇంట్లో ఫలానా వేషం మొక్కు ఉండేదని రాయడం మొదలుపెట్టారు. పాప ఒక్క ప్రశ్న అడిగింది, ఒకరికొకరు తెలియని మనుషులు మాట్లాడుకున్నారు. ఇది ఒకరు నేర్పిస్తే వచ్చే గుణం కాదమ్మా. పాతికేళ్లుగా పిల్లలకు సలహాలు చెబుతున్నాను, దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

అయితే ఆ 14 వేల మంది ఎవరివాళ్లు? గంగమ్మ జాతరవాళ్లా, మీ పాపవాళ్లా? 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతుంటే ఇస్రో యూట్యూబ్ లైవ్‌ను ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. అంతకు ముందు జూలైలో ఆ రాకెట్ ఎగిరింది తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే. ఆ జనం చంద్రుడి కోసం వచ్చినవాళ్లు. అలాగే మే నెలలో అమ్మవారి జాతర మొదలైందని చాటింపు వేశారంటే ఎవరు లైవ్ పెట్టినా చూస్తారు. కాబట్టి పాపను ఒకటే అడగండి: జాతర లేని జూన్‌లో, జూలైలో నువ్వు పెట్టిన వాటికి ఎంతమంది వచ్చారు? పేరు చూడగానే గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది? ఆ సంఖ్య 200 ఉన్నా నేను సంతోషిస్తాను. అసలు ఆస్తి ఆ 200 మందే.

ఇక డబ్బు మాట. యూట్యూబ్‌లో ఫోన్‌తో లైవ్ పెట్టడానికి 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉంటే చాలు. కానీ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణలు గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ కావాలి. ఆ గీత దాటినా నెలనెలా ఇంత వస్తుందని చెప్పలేం. దాని మీద ఆశ పెట్టుకుని చదువు వదిలేస్తే మాత్రం తప్పే. పని దొరికేది ఇంకోచోట. తిరుమల, తిరుచానూరుల్లో ముహూర్తాలు ఉన్న రోజుల్లో ఎన్ని పెళ్లిళ్లు జరుగుతాయో మీకు తెలుసు. రాలేని బంధువులకు లింక్ పంపి తాళి కట్టే ఘట్టాన్ని లైవ్‌లో చూపించమని ఫొటోగ్రాఫర్లను అడిగేవాళ్లున్నారు. కాలేజీలు, ఆసుపత్రులు, బట్టల షాపులు తమ పేజీ చూసుకోవడానికి మనుషులను పెట్టుకుంటున్నాయి. అక్కడ కొటేషన్ రాయాలి, బిల్లు ఇవ్వాలి, జీఎస్టీ లెక్క తెలియాలి. పాప చదివే బీకాం ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. డిగ్రీ అయ్యాక ఇష్టముంటే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనే కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. తిరుపతి దాటాల్సిన పని కూడా లేదు.

పనిలో సవరించుకోవాల్సినవీ కనిపించాయి. 18వ నిమిషంలో ఎవరిదో కాల్ వచ్చి లైవ్ కాసేపు తెగిపోయింది. మొదలుపెట్టే ముందు కాల్స్ రాకుండా సెట్టింగ్ పెట్టుకోవాలి. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఇంకో ఫోన్ దగ్గరుండాలి, అంత జనంలో ఒక నెట్‌వర్క్‌ను నమ్ముకోలేం. మైక్ సెట్లో సినిమా పాట మొదలైతే కొంచెం దూరం జరగాలి. పాట హక్కులు ఇంకొకరివి, ఆ కారణంగా లైవ్‌నే ఆపేయొచ్చు. మే ఎండకు ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, గొడుగు పట్టే స్నేహితురాలు ఒకరు తోడుంటే మంచిది. రాత్రి ఉత్సవాలకైతే ఆ తోడు తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండండి.

వీటికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అలాంటి చోట మీ పాప ఫోన్ పట్టుకుని ఉంటే ఏం చేస్తుంది? కింద పడినవాళ్ల ముఖాలు చూపిస్తే లక్షల మంది చూస్తారు. ఆ ముఖం తమవాళ్లదని ఒక ఇంట్లో అలా తెలియకూడదమ్మా. రికార్డు చేసిందైతే చూసుకుని తీసెయ్యొచ్చు. లైవ్‌లో వెళ్లింది వెళ్లిపోయినట్టే. ఆ నిమిషంలో కెమెరా దించేసి, ఏ దారి ఖాళీగా ఉంది, ఎటు వెళ్లకూడదు అనేది తెలిసినంతవరకు మాటల్లో చెప్పగలగాలి. చిన్నపిల్లల ముఖాలు, వేషం కట్టి పూనకంలో ఉన్నవాళ్లు, వీళ్ల విషయంలోనూ అడిగి చూపించాలి. శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. మిగతా గుళ్లలో కూడా ముందు కనుక్కుని ఫోన్ తీయాలి. ఇది పాపతో నేనే మాట్లాడతాను, ఒకసారి పంపించండి.

వినాయక చవితికి కాణిపాకంలో 21 రోజుల బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. మీ ఇంటికి దగ్గరే. క్లాసులు పోగొట్టుకోకుండా ఆదివారాలు మాత్రం వెళ్లి, గుడి బయటి నుంచి క్యూ ఎక్కడిదాకా ఉంది, చిత్తూరు బస్సులు ఎలా ఉన్నాయి, స్వామి వాహనం ఏ వీధికి వచ్చింది అనేవి చూపించమనండి. అడిగిన ప్రతి ఒక్కరికీ జవాబు ఇవ్వాలి. ఉత్సవాలు ముగిసిన నెల తర్వాత వాళ్లలో ఎంతమంది మిగిలారో లెక్క రాసి, మార్కుల మెమోతో కలిపి నాకు తెచ్చి చూపించమనండి.

ఈలోగా పాప ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల నాన్నను కూర్చోబెట్టి ఆ లైవ్ పెట్టండి. అవ్వ వేళ్లు లెక్కపెట్టే చోటు 22వ నిమిషంలో ఉంది. అది చూడనిచ్చి, అప్పుడు డిగ్రీ మాట ఎత్తండి.