పాఠకుల ప్రశ్నలు: గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే మార్చాలా, ఆగాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. 2020లో కొన్న నా కంప్యూటర్‌లో జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు, రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్‌ది. ఈ మధ్య వచ్చిన కథాప్రధానమైన ఆటలు కొన్ని ఆగి ఆగి నడుస్తున్నాయి, కొన్ని అసలు తెరుచుకోవడమే లేదు. నలభై వేల రూపాయలు కూడబెట్టుకున్నాను. ఇంకో ఏడాది ఆగితే కొత్త సిరీస్ వస్తుందని, ధరలు తగ్గుతాయని మిత్రులు అంటున్నారు. నా కార్డుకు డ్రైవర్లు, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, కూడా ఆపేశారని విన్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన వాటిలో అన్నింటికన్నా ముఖ్యమైన మాట, కొన్ని ఆటలు అసలు తెరుచుకోవడం లేదన్నది. ఆట నెమ్మదిగా నడవడం వేరు, నడవకపోవడం వేరు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’, 2025 మే నెలలో వచ్చిన ‘డూమ్: ది డార్క్ ఏజెస్’ వంటి ఆటలకు రే ట్రేసింగ్, అంటే వెలుగునీడలను లెక్కగట్టే పని, కార్డులోనే ప్రత్యేకంగా అమర్చిన భాగాలతో జరగడం తప్పనిసరి. 2019 అక్టోబరులో విడుదలైన మీ కార్డులో ఆ భాగాలు లేవు కాబట్టి, సెట్టింగులు ఎంత తగ్గించినా ప్రయోజనం కనిపించదు. మీ మనసు ఇటువంటి ఆటల మీదే ఉంటే, ఇంకో ఏడాది ఆగడమంటే ఆ ఏడాదంతా వాటిని ఆడకుండా ఉండటమే. అలా కాక, మీరు ఎక్కువ కాలం గడిపేది వాలరెంట్ వంటి పోటీ ఆటలతోనే అయితే, మీ కార్డు ఇంకా చక్కగా పనికొస్తుంది, డబ్బు దాచుకోండి.

డ్రైవర్ల గురించి విన్నది మీ కార్డుకు వర్తించదు. 2025 అక్టోబరుతో కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను మీ కార్డు తయారీ సంస్థ ఎన్విడియా నిలిపివేసింది జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌ల వంటి పాత కార్డులకు, వాటికి కూడా భద్రతాపరమైన సవరణలు 2028 అక్టోబరు వరకు ఇస్తామని చెప్పింది. మీది ఆ తర్వాతి తరం, ట్యూరింగ్ తరానికి చెందిన కార్డు.

ఆగి ఆగి నడుస్తున్న ఆటల విషయంలో, కొనే ముందు ఒక పరీక్ష తప్పక చేయండి. ఆట రిజల్యూషన్‌ను, అంటే బొమ్మలోని చుక్కల సంఖ్యను, 1080పీ నుంచి 720పీకి తగ్గించి చూడండి. ఫ్రేములు, అంటే సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మలు, బాగా పెరిగితే భారం కార్డు మీద ఉన్నట్టు, పెద్దగా పెరగకపోతే ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతున్నట్టు. రెండో పరిస్థితిలో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా మీకు తేడా తెలియదు, మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే అదే ఏఎం4 సాకెట్‌లో, బోర్డును నడిపే బయోస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసి, రైజెన్ 5 5600 వంటి ప్రాసెసర్ అమర్చుకోవడం చాలా తక్కువ ఖర్చుతో తీరే పని. మీ మానిటర్ సెకనుకు 75 ఫ్రేములకు మించి చూపించలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇప్పటికే 75 దాటుతున్న ఆటలో కొత్త కార్డు తెచ్చే అదనపు వేగం తెర మీద కనిపించదు. క్యాబినెట్‌లో పేరుకున్న దుమ్మును కూడా ఒకసారి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గది వేడి ఎంత పెరిగితే కార్డు వేడి కూడా దాదాపు అంత పెరుగుతుంది, అయిదారేళ్లు వాడిన కార్డులో చిప్పు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే వేగం తనంతట తానే తగ్గిపోతుంది. ఆ పేస్టు మార్చి, దుమ్ము దులిపిస్తే కొన్ని ఆటలు తేరుకోవచ్చు.

ఇక ధరలు తగ్గుతాయన్న మాట. ఈ సమయంలో ఆ ఆశ మీద కూర్చోవద్దని గట్టిగానే చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే మెమరీ చిప్పులను ప్రధానంగా తయారు చేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే. 2025 ద్వితీయార్ధం నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ ఆ ఉత్పత్తిని తన వైపు లాక్కోవడంతో మెమరీ ధరలు బాగా పెరిగాయి, సాధారణ వినియోగదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండును మూసివేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇంతకుముందు 2021లో కూడా కార్డుల కరువు వచ్చింది, అప్పుడు ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీని కార్డులతో లెక్కలు చేయించి సంపాదించడం, అంటే మైనింగ్, ఒక పెద్ద కారణం. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకుని, కార్డులతో మైనింగ్ చేసే అవసరమే లేకుండా చేసింది. ఈసారి గిరాకీ అలా ఒక్క రోజుతో తెగిపోయే రకం కాదు. కొత్త సిరీస్ వచ్చినప్పుడు పాత సరుకు చౌకగా దొరుకుతుందన్న లెక్క కూడా మన మార్కెట్‌లో తరచుగా తప్పుతుంది, ఎందుకంటే మంచి కార్డులు ముందే అమ్ముడుపోయి, ఎవరూ కోరనివే అరల్లో మిగులుతాయి.

కొనాలని నిర్ణయించుకుంటే, దయచేసి 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు మాత్రం తీసుకోకండి. ఈ మాట మీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం మీ మదర్‌బోర్డు. కార్డు మెమరీ నిండిపోయినప్పుడు మిగిలిన సమాచారం కంప్యూటర్ ర్యామ్ నుంచి, కార్డును గుచ్చే స్లాటు గుండా రావాలి, ఆట ఉన్నట్టుండి తుళ్లిపడేది అప్పుడే. మీ బీ450 బోర్డు స్లాటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 రకానిది. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ కార్డులు ఆ స్లాటులోని ఎనిమిది లేన్లనే, అంటే సమాచారం నడిచే దారులనే, వాడతాయి కాబట్టి, మీ బోర్డులో వాటికి దక్కే దారి సెకనుకు సుమారు 8 జీబీ మాత్రమే. 2025 జూన్‌లో వచ్చిన ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ పదహారు లేన్లు వాడుతుంది కనుక అదే బోర్డులో దానికి రెట్టింపు దారి దొరుకుతుంది. అందులోని 16 జీబీ రకం మీ యంత్రానికి బాగా కుదిరేదని నా అభిప్రాయం. విడుదలనాడు దాని ధర 349 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుని, 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 37 వేలు అవుతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, జీఎస్టీ బిల్లుతో ఎవరు ఎంతకిస్తారో రాసుకోండి. ఈ లెక్కకు దగ్గరగా, మీ నలభై వేల లోపు దొరికితే కొనేయండి. అంతకన్నా చాలా ఎక్కువ చెబితే అప్పు చేసి మాత్రం కొనవద్దు, ఆ డబ్బుతో ముందు ప్రాసెసర్ సంగతి చూసుకోండి.

ఈ కార్డు వాడే విద్యుత్తు 160 వాట్లు, మీ పాతది 125. రోజుకు నాలుగు గంటలు ఆడినా నెలకు నాలుగు యూనిట్ల చొప్పున తేడా వస్తుంది, కరెంటు బిల్లు గురించి ఆందోళన అక్కర్లేదు. మీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పేరున్న సంస్థదైతే సరిపోతుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదైతే ముందు దాన్ని మార్చండి.

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏఐ ప్రాజెక్టుల కోసం అరవై వేల రూపాయల గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు. అది చదువుకు నిజంగా అవసరమా?

జవాబు: అమ్మా, రెండో సంవత్సరం స్థాయి ప్రాజెక్టులకు అంత ఖర్చు అవసరం లేదు. గూగుల్ కోల్యాబ్, కాగుల్ అనే రెండు చోట్ల గ్రాఫిక్స్ కార్డుల మీద ఉచితంగానే, కొంత పరిమితితో, పని చేసుకోవచ్చు. నేర్చుకునే దశలో అది చాలు. అయితే మీ అబ్బాయికి ఆటలు ఆడాలన్న కోరిక కూడా ఉండి ఉండవచ్చు, ఆ వయసులో అది తప్పేమీ కాదు. ఆ సంగతి దాచకుండా చెప్పమని అనునయంగా అడిగి, రెండింటికీ పనికొచ్చే కార్డును కలిసి ఎంచుకోండి. ఏఐ పాఠాలు ఎక్కువగా ఎన్విడియా కార్డుల మీదే నడిచే క్యూడా అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి, పైన కూకట్‌పల్లి పాఠకుడికి చెప్పిన కార్డు కాకుండా, ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 16 జీబీ రకం మీ అబ్బాయికి నప్పుతుంది. ఇంట్లో ఉన్నది డెస్క్‌టాప్ అవునో కాదో ముందు చూసుకోండి, ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్పు బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని తీసి మార్చే వీలు దాదాపు ఉండదు.

ప్రశ్న: మా బావగారు వచ్చే నెల డల్లాస్ నుంచి సైనిక్‌పురికి వస్తున్నారు. కార్డు అక్కడ కొనమనడం లాభమేనా?

జవాబు: అక్కడి దుకాణాలు చూపించే ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు, డల్లాస్‌లో అది 8.25 శాతం. మన దగ్గర చెప్పే ధరలో సాధారణంగా 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. ఆ రెండు మొత్తాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. చాలా బ్రాండ్ల వారంటీ కొన్న దేశానికే పరిమితం కాబట్టి, మీరు ఎంచుకున్న బ్రాండు భారతదేశంలో సేవ అందిస్తుందో లేదో ఆ సంస్థ వారంటీ నిబంధనలు చదివి నిర్ధారించుకున్నాకే బావగారికి చెప్పండి. బిల్లును తప్పక వెంట తెమ్మనండి, సుంకం లేకుండా తెచ్చుకోగల పరిమితి దాటితే విమానాశ్రయంలో కస్టమ్స్ వారు దాని ఆధారంగానే విలువ కడతారు.