రెండు క్లబ్బుల లీగ్‌లో మిగతా పదింటి సంగతేంటి?

ప్రశ్న: మా అబ్బాయి గ్లాస్గోలో చదువుకుంటున్నాడు. అక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో పన్నెండు టీములున్నా గెలిచేది సెల్టిక్, లేదంటే రేంజర్స్ అంటాడు. మరి మిగతా పదీ ఎందుకు ఆడుతున్నట్టు? చూసేవాళ్లకి విసుగు రాదా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి ఎక్కువ చేసి చెప్పలేదండీ. ఈ రెండు గ్లాస్గో క్లబ్బులూ కాకుండా ఇంకో టీమ్ స్కాట్లాండ్ లీగ్ గెలిచింది చివరిగా 1985లో. అది అబెర్డీన్, దాని మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్, తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయనే. అక్కణ్ణుంచి 2025 దాకా నలభై సీజన్లు జరిగితే నలభై సార్లూ టైటిల్ గ్లాస్గో ఊరు దాటలేదు.

ఒకసారైతే దాదాపు దాటబోయింది. 1986 మే 3న, ఆఖరి మ్యాచ్‌లో, ఎడిన్‌బరో టీమ్ హార్ట్స్ డ్రా చేసుకుంటే చాలు. 83వ నిమిషం దాకా 0-0. అప్పుడు డండీ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ఆల్బర్ట్ కిడ్ అనే అతను నాలుగు నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టాడు. అదే సాయంత్రం ఇంకోచోట సెల్టిక్ 5-0తో గెలిచింది, పాయింట్లు సమానమయ్యాయి, గోల్స్ తేడాతో టైటిల్ సెల్టిక్‌కే పోయింది. హార్ట్స్ అభిమానుల ముందు ఇప్పటికీ ఆ కిడ్ పేరు ఎత్తకూడదు.

ఇక డబ్బు విషయానికొస్తే, సెల్టిక్ స్టేడియంలో 60 వేల మంది పడతారు, రేంజర్స్ దాంట్లో 50 వేలు. అదే లీగ్‌లో ఆడిన రాస్ కౌంటీ ఉండే డింగ్‌వాల్ ఊరి జనాభాయే ఐదారు వేలు. ఒకప్పుడు టికెట్ల వసూళ్లలో ఆడడానికొచ్చిన టీముకి కూడా వాటా ఇచ్చేవారు, తర్వాత ఎవరి గ్రౌండ్ డబ్బు వాళ్లదే అన్నారు. నన్నడిగితే తేడా ముదిరింది అక్కడే. ఇద్దరు ఆడితేనే కదా మ్యాచ్, డబ్బు మాత్రం ఒకరి జేబులోకే ఏంటి?

దానిమీద యూరప్ డబ్బొకటి. లీగ్ గెలిచిన టీముకి, యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ దారి తెరుచుకుంటుంది, అందులో ఒక్క సీజన్ ఆడితే వచ్చేది చిన్న క్లబ్ చాలా ఏళ్లపాటు చూడలేని మొత్తం. ఆ డబ్బుతో పక్క క్లబ్బుల్లో బాగా ఆడే కుర్రాళ్లని కొనేస్తారు, మళ్లీ గెలుస్తారు, మళ్లీ యూరప్ వెళ్తారు. 2020లో అదే లీగ్‌లోని మదర్‌వెల్ నుంచి డేవిడ్ టర్న్‌బుల్ అనే ఆటగాణ్ణి సెల్టిక్ దాదాపు 30 లక్షల పౌండ్లు పెట్టి తీసుకుంది. మదర్‌వెల్ లాంటి క్లబ్‌కి అది చాలా పెద్ద డబ్బు, వద్దంటే బతకలేదు, తీసుకుంటే టీమ్ బలహీనపడుతుంది. 2016-17లో సెల్టిక్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 106 పాయింట్లు తెచ్చుకుంది, రెండో స్థానంలో ఉన్న అబెర్డీన్ 30 పాయింట్లు వెనక. అది పోటీ ఎలా అవుతుంది చెప్పండి!

విసుగు మాటకొస్తే, మిగతావాళ్లలో చాలామంది ఆ టైటిల్ లెక్క ఎప్పుడో మానేశారు. మొదటి ఆరులో ఉంటామా, కింది డివిజన్‌కి పడిపోతామా, లీగ్‌తో సంబంధం లేని నాకౌట్ కప్పుల్లో ఫైనల్ దాకా వెళ్తామా, వాళ్ల టెన్షన్ వాళ్లకుంది. మీ అబ్బాయిని ఒకసారి పార్టిక్ థిసిల్ మ్యాచ్‌కి వెళ్లమనండి. అదీ గ్లాస్గో క్లబ్బే, ఆ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే సెల్టిక్ ఆకుపచ్చ, రేంజర్స్ నీలం రెండు రంగులే కాదని తెలుస్తుంది.

ప్రశ్న: పది క్లబ్బులూ ఏకమైతే రూల్స్ మార్చుకోవచ్చు కదా సార్? – విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: చాలాకాలం మార్చలేకపోయారు. పాత స్కాటిష్ ప్రీమియర్ లీగ్‌లో ముఖ్యమైన నిర్ణయాలకి పన్నెండులో పదకొండు ఓట్లు కావాలి. అంటే ఆ రెండూ ఒక్కమాట మీదుంటే మిగతా పదీ చేతులెత్తినా లాభం లేదు. మైదానంలో కొట్టుకుచచ్చే ఈ రెంటికీ కలిపి ‘ఓల్డ్ ఫర్మ్’ అని పేరు, అంటే పాత వ్యాపార సంస్థ అని. పగ పేరుతో ఇద్దరూ కలిసి దుకాణం నడుపుతున్నారని వందేళ్ల కిందటే పెట్టిన ఎగతాళి అదని చెబుతారు.

ఇంకో సంగతి, పదింటికీ ఆ రెండూ కావాలి. వాళ్లు ఆడడానికొస్తే వెనకే వేలమంది అభిమానులొస్తారు, చిన్న స్టేడియం నిండుతుంది. టీవీవాళ్లు డబ్బిచ్చేది కూడా ఏడాదికి నాలుగుసార్లు ఆ రెండూ తలపడతాయనే.

ప్రశ్న: ఆ రెంటిలో ఒకటి మునిగిపోతే? – అదే విద్యార్థి

జవాబు: మునిగింది బాబూ, 2012లో! పన్ను గొడవల్లో ఉన్న రేంజర్స్‌ని 2011లో ఒక్క పౌండ్‌కి అమ్మేశారు. ఆ ఆగస్టులోనే ముందు స్వీడన్ క్లబ్ మాల్మో చేతిలో, తర్వాత స్లోవేనియా క్లబ్ మారిబోర్ చేతిలో ఓడి యూరప్ నుంచి బయటపడింది, నమ్ముకున్న డబ్బు రాలేదు. 2012 ఫిబ్రవరి 14న దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, కొన్ని నెలలకి పాత కంపెనీని మూసేశారు, ఆస్తులు కొత్త కంపెనీ కొనుక్కుంది. పెద్ద క్లబ్ కదా, దానికేం అనుకుంటాం గానీ, వచ్చే ఏడాది గెలుపు డబ్బు కూడా ఈ ఏడాదే ఖర్చుపెడితే ఎంత పెద్దదైనా ఇంతే.

కొత్త రేంజర్స్‌ని పై లీగ్‌లోనే ఉంచకపోతే అందరం పోతామని అక్కడి ఫుట్‌బాల్ పెద్దలు బెదిరించారు. కానీ మిగతా క్లబ్బుల అభిమానులు, ఉంచితే సీజన్ టికెట్లు కొనం పొమ్మన్నారు, క్లబ్బులు దిగొచ్చాయి. కింది డివిజన్ల 30 క్లబ్బుల్లో 25, అట్టడుగున నాలుగో డివిజన్‌లో మొదలుపెట్టమని ఓటేశాయి. విచిత్రమేంటంటే అక్కడ కూడా రేంజర్స్ మ్యాచ్‌కి 49 వేల మంది వచ్చారు.

తర్వాత ఏమైందో చూడండి. సెయింట్ జాన్‌స్టన్ తన చరిత్రలో మొదటిసారి స్కాటిష్ కప్ గెలిచింది, 2014లో. మరుసటేడు ఇన్వర్నెస్. ఇంకో నాకౌట్ కప్పయిన లీగ్ కప్ 2016లో ఆ డింగ్‌వాల్ టీమ్ రాస్ కౌంటీకే. డబ్బు మాత్రం తగ్గింది, అది దాచక్కర్లేదు, హార్ట్స్ 2013లో దివాలా అంచుకెళ్లింది, కాకపోతే దాని అప్పులు అంతకుముందువే. లీగ్ టైటిల్ ఎవరికెళ్లిందంటారా, పోటీ లేని సెల్టిక్‌కి, వరసగా. 2012 నుంచి 2025 దాకా పద్నాలుగులో పదమూడు! రెండిట్లో ఒకటి పోతే మిగిలేది ఇంకా పెద్ద పెత్తనం అన్నమాట.

ప్రశ్న: ఆ రెంటినీ ఇంగ్లండ్ లీగ్‌కి పంపేస్తే? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2009లో ఇంగ్లిష్ క్లబ్ బోల్టన్ ఛైర్మన్ ఆ ప్రతిపాదన పెట్టాడు, ఇంగ్లిష్ క్లబ్బులు వద్దన్నాయి. తమ టీవీ డబ్బులో ఇంకో రెండు వాటాలు ఎవరిస్తారండీ.

ప్రశ్న: మన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో ఆటగాళ్ల జీతాలకి పరిమితి ఉంది కదా, మనమే నయమేమో? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: పోటీ వరకు నయమే. ఆ పరిమితి ఉండబట్టే కొత్త టీములు కూడా గెలవగలిగాయి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్ అయింది, గుర్తుందిగా? రెండేళ్లు తిరిగేసరికి జీతాలు ఆగి ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24 సీజన్ మొత్తంలో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. జీతాలకి పరిమితి ఖర్చుని ఆపుతుందే గానీ, గచ్చిబౌలి స్టేడియంలో జనాన్ని కూర్చోబెట్టదు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి మారిపోయింది, పేరు కూడా మార్చుకుంది.