ప్లాస్మా పొర పాఠం చెప్పబోతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, నల్లగొండ నుంచి పెద్దనాయన ఆశీస్సులు.

అచ్చంపేట దగ్గరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు కణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా పొర గుండా పదార్థాల కదలిక గురించి వచ్చే వారం చెప్పబోతున్నావని మీ అమ్మ చెప్పగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ పాఠాన్ని నిర్వచనాలతో మొదలుపెట్టకు. అలా మొదలుపెడితే పిల్లలు విసరణ (పదార్థం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు వ్యాపించడం), ద్రవాభిసరణ (పొర గుండా నీరు అలా కదలడం) అనే మాటలను పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు గాని, పొర అంటే జల్లెడ వంటిదనీ, చిన్నవాటిని వదిలి పెద్దవాటిని ఆపుతుందనీ అనుకుంటూనే బడి దాటిపోతారు. నిజానికి ఎంతో చిన్నదైన సోడియం అయాను, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం కణిక, రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడిన ఆ పొరను తనంతట తాను దాటలేదు. దానికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన స్టిరాయిడ్ హార్మోన్లు కొవ్వులో కరుగుతాయి గనుక దాటిపోతాయి. పిల్లల మనసులో నాటవలసింది ఈ సంగతే.

మొదటి రోజు బీట్‌రూట్ తీసుకుపో. ముక్కలు కోసి, కడిగిన నీళ్లలో రంగు దిగడం ఆగే దాకా కడుగు. కత్తి పడినచోట తెగిన కణాల రంగు మొదట కొంత బయటికి వస్తుంది, దానిని వదిలించకపోతే ప్రయోగం పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది. తర్వాత కొన్ని ముక్కలను చల్లని నీళ్లలో, కొన్నింటిని బాగా వేడి నీళ్లలో వేయి. చల్లని నీళ్లకు రంగు అంతంతమాత్రంగానే అంటుతుంది, వేడి నీళ్లు మాత్రం చూస్తుండగానే ఎర్రబడతాయి. ముక్క అదే, రంగు అదే, మరి ఇప్పటిదాకా ఆ రంగును లోపల ఆపినది ఏమిటని అడిగి, జవాబు నువ్వు చెప్పకుండా ఓపిక పట్టు. వేడికి పొర చెడిపోయిందనే మాట పిల్లల నోట రావాలి.

గుడ్డు ప్రయోగానికి ఎక్కువ సమయం కేటాయించు. పెంకును కరిగించే ఆమ్లాన్ని పిల్లల చేతికివ్వకుండా నువ్వే గుడ్ల మీద పోయాలి. పెంకులోని కాల్షియం కార్బొనేటు కరిగి కార్బన్ డయాక్సైడు బుడగలుగా పోయాక గుడ్లను కడిగి, అప్పుడే కాగితం పట్టీతో చుట్టుకొలత తీయించు. పెంకు కరిగేటప్పుడే గుడ్డు కొంత నీటిని పీల్చుకుంటుంది గనుక ముందుగా తీసిన కొలత పనికిరాదు. ఒక గుడ్డును మంచినీళ్లలో, మరొకదానిని చిక్కని ఉప్పునీళ్లలో ఉంచి, మరునాడు మళ్లీ కొలిపించు. ఉబ్బినదానిని, కుంచించుకుపోయినదానిని చూసి పిల్లలు ఉప్పు నీటిని లాగుతుందంటారు. అక్కడ ఆగి, నీటి అణువులు రెండు వైపులకూ ఎప్పుడూ పోతూ వస్తూనే ఉంటాయనీ, ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు పోయేవి తిరిగి వచ్చేవాటికన్నా ఎక్కువనీ విడమరిచి చెప్పు. గుడ్డు పరిమాణం మారడం ఆగిన తర్వాత కూడా ఆ రాకపోకలు ఆగవు. పెంకు కింద కనిపించేది ప్రోటీను పోగులతో అల్లిన పొర మాత్రమేననీ, అది ప్లాస్మా పొర కాదనీ దాచకుండా చెప్పడం మన బాధ్యత.

ఆ తర్వాత తాగునీటిని శుద్ధి చేసే మన ఆర్‌ఓ ప్లాంటు సంగతి ఎత్తు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచిందో మీ పిల్లలు వినే ఉంటారు. నీళ్లలో కరిగి ఉన్న ఆ ఫ్లోరైడును గుడ్డ గాని మామూలు ఫిల్టరు గాని ఆపలేవు. ప్లాంటులో మోటారు ఒత్తిడితో నీటిని సహజంగా పోయే దిశకు ఎదురుగా, లవణాలున్న వైపు నుంచి పొరను దాటిస్తారు. ఎదురు నడపాలంటే శక్తి ఖర్చు చేయాలనే మాట ఇక్కడ పిల్లలకు తేలికగా అందుతుంది, అక్కడి నుంచి సక్రియా రవాణాకు, అంటే కణం శక్తి ఖర్చు చేసి పదార్థాలను ఎదురు నడపడానికి, దారి తీయవచ్చు. అయితే కణం అలా నెట్టేది నీటిని కాదు, అయాన్లను. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో వెల్లడించిన సోడియం-పొటాషియం పంపు అనే పొరలోని ప్రోటీను, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కొక్కదాని ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని చెప్పడం మరచిపోకు.

కణంలో సోడియాన్ని ఆ పంపు తక్కువగా ఉంచుతుంది గనుకనే పేగు గోడలోని కణాలలోకి సోడియం, గ్లూకోజు ఒకే ప్రోటీను ద్వారా జతగా ప్రవేశిస్తాయి, వాటి వెంట నీరు పోతుంది. విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజు కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లు పనిచేసేది ఈ దారినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న మిశ్రమంలో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్‌లు, అంటే రెండూ సమాన సంఖ్యలో, ఉండడానికి కారణం కూడా ఇదే. విరేచనాలైన పసివాడికి త్వరగా బలం రావాలని ప్యాకెట్టును తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే, పేగులోకే నీరు ఎదురు వచ్చి నీరసం పెరుగుతుంది. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లను కొలిచి కలపడం తరగతిలోనే ప్రతి పిల్లవాడి చేతా చేయించు, ఆ కొలతను ఇంట్లో అమ్మకు చూపించి రమ్మని పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాయన